కొత్త లాన్ వేసే ముందు, వేసిన తర్వాత కలుపు నివారణ

కొత్త లాన్‌లో కలుపు కనబడ్డాక పీకుతూ కూర్చోవడం కన్నా, గడ్డి నాటడానికి ముందే నేలలోని విత్తనాలనూ దుంపలనూ తగ్గించుకోవడం మేలు. తొలకరికి నాటాలనుకునేవారు ఏప్రిల్‌లోనే పని మొదలుపెట్టాలి.

మన నేలల్లో అన్నిటికన్నా మొండి కలుపు తుంగ. దాని దుంపలు చాలావరకు పై 15 సెంటీమీటర్ల మట్టిలో ఒకదానికొకటి గొలుసులా అల్లుకుని ఉంటాయి. పైన ఆకు పీకితే అడుగున దుంప మళ్లీ మొలుస్తుంది. రోటవేటర్‌తో ఒక్కసారి దున్ని వదిలేస్తే గొలుసు తెగి, అంతవరకు మొలకెత్తకుండా ఉన్న దుంపలు కూడా దేనికది మొక్కవుతుంది. అందుకని మండుటెండల్లో జానెడు లోతున తవ్వి, గడ్డలు పగలగొట్టి, చేతికి దొరికిన దుంపలన్నిటినీ ఏరివేయాలి. మిగిలినవి ఎండిపోయేలా మట్టిని కొన్ని రోజులకొకసారి తిరగేస్తూ, అప్పటిదాకా చుక్క నీరు కూడా పెట్టకుండా ఉండాలి.

తర్వాత బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, నేలను చదును చేయాలి. పచ్చి ఎరువులో కలుపు విత్తనాలు ఉంటాయి, బయటి నుంచి తోలించిన మట్టిలో తుంగ దుంపలు రావచ్చు. కాబట్టి మట్టిని దింపించుకునే ముందే చేత్తో తవ్వి చూడాలి. చదును చేసిన నేలలో గడ్డి నాటకుండా రెండు మూడు వారాలు తడి పెడితే గంగవావిలి, వయ్యారిభామ వంటివి గుంపుగా మొలుస్తాయి. వాటిని లేతగా ఉండగానే పారతో పైపైన చెక్కివేయాలి. లోతుగా తవ్వితే అడుగు విత్తనాలు పైకి వస్తాయి. వీలైతే ఇదే పని మరోసారి చేయాలి, నా దృష్టిలో ఈ రెండో విడతే ఎక్కువ శ్రమ తప్పిస్తుంది. వయ్యారిభామను పూతకు రాకముందే, చేతి తొడుగులతో తీయాలి, ఎందుకంటే అది చర్మానికి అలర్జీ కలిగిస్తుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు చల్లాలనుకుంటే, దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇచ్చిందని గుర్తుంచుకోవాలి. తడిపిన నేల మీద పారదర్శకమైన పాలిథిన్ షీటును అంచులు మట్టితో మూసి, మే నెల ఎండల్లో నాలుగైదు వారాలు పరిచి ఉంచినా చాలా విత్తనాలు చస్తాయి, లోతున ఉన్న తుంగ దుంపలు మాత్రం చావవు.

నర్సరీ నుంచి గడ్డి తెచ్చుకునేటప్పుడు ప్రతి ముక్కనూ తిరగేసి, వేళ్లలో తుంగ దుంపలు లేవని నిర్ధారించుకోవాలి. పిలకలను పది సెంటీమీటర్ల ఎడంలో దగ్గరగా నాటితే నేల త్వరగా కప్పుకుని, కలుపుకు వెలుతురు అందదు.

నాటిన తొలి వారాల్లో వారానికి రెండుసార్లు తడి నేలలో కలుపును వేళ్లతో సహా తీయాలి. ఈ దశలో పెండిమిథాలిన్ వంటి మొలక నిరోధక మందు వాడకూడదు, అది కొత్త పిలకల వేళ్లను కూడా ఎదగనివ్వదు. గడ్డి నిలదొక్కుకున్నాక నీటిని రోజూ కొద్దికొద్దిగా కాకుండా ఎడం పెంచి లోతుగా పెడుతూ, ప్రతి కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకుండా క్రమంగా కోస్తే నిటారుగా పెరిగే ఏకవార్షిక (ఏడాదిలోపే బతుకు ముగించే) కలుపు చాలావరకు తగ్గిపోతుంది. వెడల్పాకు కలుపు మిగిలితే కనీసం రెండు మూడు కోతలు అయ్యాకే 2,4-డి అనే కలుపు మందు గురించి ఆలోచించాలి; గాలి లేని వేళ, లేబుల్‌లోని మోతాదు ప్రకారం, పక్కన టమాటా, పత్తి, ద్రాక్ష లేనప్పుడు మాత్రమే చల్లాలి.