లాడ్జి డొమైన్‌ను క్లౌడ్ డీఎన్‌ఎస్‌కి మార్చాం: నా అనుభవం

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మా బావగారికి లాడ్జి ఉంది. బ్రహ్మోత్సవాల ముందు, రూముల కోసం జనం ఎగబడే రోజుల్లోనే, వెబ్‌సైట్ ఉన్నట్టుండి తెరుచుకునేది కాదు. ఐపీ అడ్రస్ (సర్వర్ అంకెల చిరునామా) కొడితే పేజీ వస్తోంది, పేరు కొడితే రావడం లేదు. అంటే తేడా సర్వర్‌లో లేదు, సైట్ పేరుకు (డొమైన్‌కు) ఏ ఐపీ అడ్రసో చెప్పే డీఎన్‌ఎస్‌లో ఉంది. డీఎన్‌ఎస్ జవాబులు చూపించే డిగ్ కమాండ్‌తో చూస్తే, ఆ జవాబులిచ్చే పాత హోస్టింగ్ వాళ్ల రెండు నేమ్‌సర్వర్లకూ ఒకటే ఐపీ! అది ఆగితే ఇక దిక్కు లేదు.

అమెజాన్ వాళ్ల క్లౌడ్ డీఎన్‌ఎస్ సేవ రూట్ 53లో జోన్ (మన డొమైన్ రికార్డులన్నీ ఉండే చోటు) తెరిచాం. నాలుగు నేమ్‌సర్వర్లు ఇస్తారు. డొమైన్ రిజిస్ట్రేషన్ పాత చోటే ఉండొచ్చు, నేమ్‌సర్వర్లు మారిస్తే చాలు.

“మెయిల్స్ ఏమీ ఆగవు గదా?” అన్నారు బావగారు. ఆయన టెన్షన్ న్యాయమైనదే. వెబ్‌సైట్ రికార్డు అందరికీ గుర్తుంటుంది, మరిచిపోయేది మెయిల్‌వే. బుకింగ్ మెయిల్ రావాలంటే, మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు ఉండాలి. మనం పంపేవి స్పామ్‌లో పడకూడదంటే, అవి నిజంగా మన డొమైన్‌వేనని సరిచూసుకోవడానికి పనికొచ్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు ఉండాలి. అన్నీ పొల్లుపోకుండా ఎక్కించి, కొత్త నేమ్‌సర్వర్‌ను డిగ్‌తో నేరుగా అడిగి, జవాబులు పాతవాటితో సరిపోయాకే రిజిస్ట్రార్ (డొమైన్ రిజిస్టర్ చేసిన సంస్థ) దగ్గర నేమ్‌సర్వర్లు మార్చాను.

పాత జోన్‌ను మాత్రం వెంటనే తీసేయకండి. డాట్ కామ్ డొమైన్‌ల నేమ్‌సర్వర్ వివరం 172800 సెకన్లు, అంటే రెండు రోజుల దాకా, క్యాష్‌లో (వేరే సర్వర్లు దాచుకునే తాత్కాలిక కాపీలో) ఉండిపోవచ్చు. అన్ని రోజులూ రెండు చోట్లా ఒకే రికార్డులు ఉంచాం. ఖర్చు జోన్‌కు నెలకు అర డాలర్, ఆపైన వచ్చే క్వెరీలను (పేరు గురించి డీఎన్‌ఎస్‌ను అడిగే ప్రశ్నలను) బట్టి కొంచెం.