"ఏమైనా అవసరమైతే చెప్పు" అనకండి, ఒక పని అందుకోండి

స్పెషల్ నీడ్స్ ఉన్న బిడ్డని పెంచుతున్న అమ్మానాన్నలతో మనమంతా అనే మాట ఇదే. మంచి మనసుతోనే అంటాం, కానీ ఏం కావాలో వాళ్లే ఆలోచించుకోవాలి, ఎవర్ని అడగాలో తేల్చుకోవాలి, మొహమాటం చంపుకుని ఫోన్ చెయ్యాలి, అదీ రాత్రంతా నిద్రలేని మనిషి. అందుకని పని, టైం మీరే చెప్పండి. "గురువారం థెరపీకి నేను తీసుకెళ్తా, నువ్వు పక్కన కూర్చో చాలు." వద్దంటే సరే, నొచ్చుకోకుండా వచ్చే వారం మళ్లీ అడగండి.

అన్నిటికంటే పెద్ద సాయం బిడ్డని కాసేపు చూసుకోవడం, దానికి ముందు ఆ బిడ్డ మీకు తెలియాలి. మా అక్క కొడుక్కి ఆటిజం, మాటలు లేవు, ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి చెప్తాడు. మొదటిసారి వాడి దగ్గర ఉన్న రోజు నేను కుర్చీ బరబరా లాగేసరికి చెవులు మూసుకుని బల్ల కిందకి దూరిపోయాడు. నేను కంగారులో బుజ్జీ, కన్నా అంటూ ఆపకుండా బతిమాలాను, ఇంకా ముడుచుకుపోయాడు. అక్క వచ్చి లైటు తీసేసి, ఒక్క మాట మాట్లాడకుండా కాస్త దూరంలో నేల మీద కూర్చుంది. పది నిమిషాలకి ముందు ఒక పాదం బయటికొచ్చింది, తర్వాత ట్యాబ్ కోసం చెయ్యి చాపాడు. అది మొండితనం కాదు, శబ్దం వాడు తట్టుకోలేనంత అయిపోయింది, నా మాటలు దానికి తోడయ్యాయి.

తర్వాత నాలుగు శనివారాలు వాళ్లింట్లో ఊరికే కూర్చుని చూశాను. ఐదో శనివారం అక్కా బావా మూడు గంటలు బయటికెళ్లారు. ఎక్కడికీ పోలేదట, కార్లో సీట్లు వెనక్కి వాల్చుకుని నిద్రపోయారట.

మీరూ అలాగే నేర్చుకోండి. ఆకలేస్తే, నొప్పి పుడితే ఎలా చెప్తారు, దేనికి బెదురుతారు, మందులేంటి, తినేటప్పుడు గొంతుకి అడ్డం పడే ఇబ్బంది ఉందా, అడిగి రాసుకోండి. ఫిట్స్ వచ్చే బిడ్డ అయితే డాక్టర్ ఏం చెప్పారో ముందే కనుక్కోండి. వస్తే గడియారం చూడండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, అదిమి పట్టుకోవద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. 5 నిమిషాలు దాటినా, ఊపిరి సరిగ్గా అందకపోయినా వెంటనే అంబులెన్స్ పిలవండి.

ఇక సలహాలు, దయచేసి అడిగితేనే. "టీకా వల్లే అంట కదా" అని అక్కతో ఒకరన్నారు, ఆ రాత్రంతా తను ఏడ్చింది. ఆ భయం రేపిన వ్యాసం 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, కేవలం 12 మంది పిల్లల మీద రాసింది, 2010లో పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. తల్లి ప్రేమగా ఉండకపోవడం వల్ల ఆటిజం వస్తుందని ఒకప్పుడు డాక్టర్లే అన్నారు, అదీ తప్పే. పుట్టుకతోనే ఉండే డౌన్ సిండ్రోమ్‌కి కారణం 21వ క్రోమోజోమ్ అదనంగా ఉండటమని 1959లోనే తేలింది, అందులో అమ్మ తప్పు వెతకడానికి ఏమీ లేదు. ఎవరైనా మీ ముందు ఇలాంటివి అంటే ఆ అమ్మానాన్నలు నోరు తెరవక్కర్లేకుండా మీరే ఆపండి, అది నిజంగా పెద్ద సాయం.

నాన్ననీ అడగండి "నువ్వెలా ఉన్నావు" అని, చాలా ఇళ్లల్లో ఆయన్ని ఎవరూ అడగరు. తోబుట్టువు ఉంటే ఆ పిల్లకి మీ సాయంత్రం ఒకటి ఇవ్వండి, ఆ పూట తమ్ముడి ఊసు లేకుండా తన కబుర్లే వినండి.

పుట్టినరోజులకి పిలవడం మాత్రం మానకండి. పిలిచేటప్పుడే "ఒక గది ప్రశాంతంగా ఉంచాం, పావుగంటలో వెళ్లిపోయినా ఏం అనుకోం" అని చెప్పండి. ఆరుసార్లు రాకపోయినా ఏడోసారీ పిలవండి.