సేవాసంస్థ సిబ్బందికి ఏఐ నేర్పాలంటే

మీరు చెప్పినా చెప్పకపోయినా సిబ్బంది ఫోన్లలో చాట్‌జీపీటీయో జెమినైయో, ఏదో ఒక ఏఐ చాట్ యాప్ ఉండే ఉంటుంది. వాడొద్దంటే చాటుగా వాడతారు. అందుకని మొదట ఒక అరగంట కూర్చోబెట్టి, ఎవరు దేనికి వాడుతున్నారో చూపించమనండి. ఆ అరగంటలో ఎవరినీ తప్పుపట్టకండి, లేదంటే అసలు సంగతి బయటికి రాదు.

తర్వాత, చాట్‌లో ఎప్పుడూ పెట్టకూడనివి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి: ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, లబ్ధిదారుల ఫొటోలు, జబ్బు వివరాలు, గృహహింస బాధితుల చిరునామా. పిల్లల వివరాలైతే అసలే వద్దు. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే, తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. పేరు బదులు ‘ఆరిలోవ-07’ లాంటి కోడ్ వాడండి. ఏ కోడ్ ఎవరిదో రాసుకున్న రిజిస్టరు బీరువాలో ఉండాలి. పేరు తీసేస్తే సరిపోదు, ఇది గట్టిగా చెప్పాలి. ‘జాలరిపేట రెండో వీధిలో టీబీ ఉన్న బోటు డ్రైవరు’ అంటే ఆ వీధిలో అందరికీ తెలిసిపోతుంది. వీధి, వృత్తి, జబ్బు మూడూ ఒకేచోట రాయనివ్వకండి. యాప్ సెట్టింగ్స్‌లో మన చాట్‌లను ఏఐకి నేర్పడానికి వాడుకునే ఆప్షన్ ఉంటే ఆపేయించండి.

సిబ్బంది శిక్షణకు ఒక విడతకు ఎనిమిది మంది, రెండు గంటలు చాలు. స్లయిడ్లు వద్దు. కోడ్ వేసిన పాత ఫీల్డ్ రిపోర్టులు పది తీసుకుని, ఏఐతో సారాంశం రాయించి, మూలంతో పక్కపక్కన పెట్టి ఎర్ర పెన్నుతో దిద్దించండి. ‘కుటుంబాలు 43, టార్పాలిన్లు 40, మిగతావి రేపు’ అన్నది ‘43 కుటుంబాలకు టార్పాలిన్లు అందాయి’ అయిపోవచ్చు. మిగతా మూడు కుటుంబాలూ వానలో ఉన్న సంగతి రిపోర్టులో మాయమైపోతుంది. ‘1.5 లక్షలు’ ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు 1.5 మిలియన్ కావచ్చు. 5/10 అక్టోబరు 5కి బదులు మే 10 అయిపోవచ్చు. అంకెలు, తేదీలు, ఊళ్ల పేర్లు ప్రతిసారీ మనిషే సరిచూడాలి.

మన ఉత్తరాంధ్ర యాస దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఇక్కడ గుంట అంటే ఆడపిల్ల. ‘గుంట పడిపోనాది’ అని ఓ తల్లి చెప్పింది వాయిస్‌లో నమోదు చేస్తే, అనువాదంలో గొయ్యి కూలిపోయినట్టు రావచ్చు. ఇలాంటి మాటలు ఓ ముప్పై ఫీల్డ్ వర్కర్లనే అడిగి రాసిపెట్టుకుని, పని చెప్పేముందు ఆ జాబితాను కూడా చాట్‌లో ఇవ్వండి.

బియ్యం ఎవరికివ్వాలి, ఎవరి పేరు తీసేయాలి అన్న నిర్ణయం మాత్రం ఏఐకి వదలకండి. కమిటీ కూర్చోవాలి, సంతకం చేయాలి.

తుపాను సమాచారం చాట్‌లో అడగొద్దు, పాత తుపాను వివరాలే కొత్తవిగా చెప్పే ప్రమాదం ఉంది. విశాఖలోని వాతావరణ శాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్లే చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక విశాఖలో రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. కాబట్టి ఏటా అక్టోబరుకు ముందే లబ్ధిదారుల జాబితా, ఖాళీ సర్వే ఫారాలు ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, నీళ్లు చేరని పై అరలో పెట్టించండి.