మొదటిసారి కథోలిక పూజకు వెళ్తున్నారా? ముందు వరుసలో మాత్రం కూర్చోకండి

మా ఆవిడ పుట్టుకతో కథోలికురాలు. నేను కాను, వేరే క్రైస్తవ సంఘంలో పెరిగినవాణ్ని. పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా ఆదివారం పూజలో ఆమె పక్కన కూర్చుంటున్నాను. ఇంతవరకు సత్ప్రసాదం, అంటే పూజలో పంచే పవిత్ర అప్పం, తీసుకోలేదు, ఎందుకు తీసుకోలేదని ఎవరూ నిలదీయలేదు. బయటివాడిగా ఆ బల్ల మీద కూర్చోవడం ఎలాగో మాత్రం బాగా వంటబట్టింది.

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ముందే చెప్పేస్తాను: మధ్యలోనో వెనకాలో కూర్చోండి. మొదటిరోజు నేను మర్యాద అనుకుని ముందు వరుసలో కూర్చున్నాను. గంటసేపు సాగే పూజలో జనం లేస్తారు, కూర్చుంటారు, మోకరిస్తారు, మళ్లీ లేస్తారు. చూసి అనుసరించడానికి నా ముందు ఫాదర్ పూజ చేసే పీఠం తప్ప ఎవరూ లేరు. వెనక బల్లల చప్పుడు విని లేచేసరికి అందరూ కూర్చునేవారు.

గుమ్మం దగ్గర చిన్న తొట్టిలో ఆశీర్వదించిన నీళ్లుంటాయి. అందులో వేలు ముంచి నుదుటి మీద, ఛాతీ మీద, ఎడమ భుజం, కుడి భుజం మీద సిలువ గుర్తు వేసుకుంటారు. తమ జ్ఞానస్నానాన్ని (బాప్తిస్మాన్ని) గుర్తుచేసుకోవడం అది. మీరు వేసుకోకపోయినా తప్పు కాదు. లోపలికి నడుస్తుంటే మీ ముందున్న మనిషి ఉన్నట్టుండి కుడి మోకాలు నేలకు ఆనించి వంగవచ్చు, కాస్త ఎడంగా నడవండి. పీఠం వెనకో, పక్కనో మందసం, అంటే సత్ప్రసాదాన్ని ఉంచే చిన్న పెట్టె, ఉంటుంది, దాని దగ్గర ఒక దీపం, చాలాచోట్ల ఎర్రది, వెలుగుతుంటుంది. సత్ప్రసాదం లోపల ఉందనడానికి అది గుర్తు. వాళ్లు వంగేది ఆ మందసం వైపు. గోడల వెంట వరుసగా పద్నాలుగు చిత్రాలు కనిపిస్తే అవి సిలువమార్గపు స్థలాలు, అంటే యేసు సిలువ మోసిన దారిలోని ఘట్టాలు. పూజ మొదలుకాక ముందు చూడటానికి బాగుంటాయి.

భాష గురించి బెంగపడకండి. కథోలిక బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ (1962-65) తర్వాత పూజ చాలావరకు ఎక్కడికక్కడ స్థానిక భాషలోనే జరుగుతోంది. మొదటి సగమంతా వాక్యం. ఆదివారం మామూలుగా రెండు పఠనాలు, మధ్యలో కీర్తన, ఆపైన సువార్త. సువార్తకు అందరూ లేచి నిలబడి నుదుటి మీద, పెదవుల మీద, గుండె మీద బొటనవేలితో మూడు చిన్న సిలువలు గీసుకుంటారు. ఈ పఠనాల వరుస మూడేళ్లకొకసారి తిరిగి వస్తుంది కాబట్టి ఆ ఆదివారం ఏవి చదువుతారో ముందే చూసుకుని వెళ్లవచ్చు. నేను అలాగే చేస్తాను. ప్రసంగం ఎలా ఉన్నా పఠనం మిగులుతుంది. ఆ తర్వాత విశ్వాస ప్రమాణం, కానుకలు. కానుకల సంచి మీ ముందుకు వస్తే పక్కవారికి అందించండి, సరిపోతుంది.

రెండో సగంలో ఫాదర్ అప్పాన్ని, ద్రాక్షారసపు పాత్రను ఎత్తి చూపిస్తారు. చాలా గుళ్లలో అప్పుడు గంట మోగుతుంది, ఆపైన నిశ్శబ్దం. మోకరించలేకపోతే ఊరికే కూర్చోండి. ముందు బల్లకు మోకాళ్ల కోసం మడత పలక ఉంటే దాన్ని చేత్తో పట్టుకుని నెమ్మదిగా దించండి. కాలితో తోస్తే ఆ నిశ్శబ్దంలో తుపాకీ పేలినట్టుంటుంది.

ఇక పరలోక జపం, అంటే యేసు నేర్పిన ప్రార్థన. నాలాగా వేరే సంఘం నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడే గండం. ‘కీడునుండి రక్షించుము’ అన్నాక కథోలికులు ఆగిపోతారు. నేను ఆగలేదు. మా సంఘంలో వెంటనే చెప్పే ముగింపు మాటలు ‘రాజ్యము, బలము’ అని గొంతెత్తాను, అదీ మొదటి వరుసలోంచి, ఒంటరిగా. మా ఆవిడ నా మోచేతిని గట్టిగా నొక్కింది. ఫాదర్ తన ప్రార్థన ముగించాక జనమంతా అవే మాటలు అందుకున్నారు. నేను చేసింది తప్పు కాదు, తొందర.

ఆ వెంటనే ఒకరికొకరు శాంతి చెప్పుకుంటారు. పక్కవారు చెయ్యి కలిపినా, నమస్కరించినా మీరూ అలాగే చేయండి.

తర్వాత జనం వరుస కట్టి ముందుకు వెళ్తారు. మీ వరుస వారంతా లేస్తారు, మీరూ లేవాలేమో అనిపిస్తుంది. సత్ప్రసాదం కథోలిక విశ్వాసులకే. అది వారికి గుర్తు మాత్రమే కాదు, సాక్షాత్తు క్రీస్తు శరీరం. మర్యాద కోసం తీసుకోవలసిన పదార్థం కాదన్నమాట. కథోలికులే కొందరు ఆ రోజు తాము సిద్ధంగా లేమనుకుని కూర్చుండిపోతారు, కాబట్టి మీరొక్కరే మిగిలిపోరు. మోకాళ్లు పక్కకు తిప్పి దారి ఇస్తే చాలు. కొన్ని గుళ్లలో రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే ఫాదర్ ఆశీర్వదిస్తారు. అక్కడ ఆ అలవాటుందో లేదో పక్కవారిని అడగండి. పొరపాటున అప్పం చేతిలో పడితే జేబులో వేసుకుని మాత్రం వెళ్లకండి. నేను కథోలికుణ్ని కానని అక్కడే చెప్పి తిరిగి ఇచ్చేయండి.

మీ మొదటి సందర్శన పవిత్ర శుక్రవారమైతే (గుడ్ ఫ్రైడే) ఇందులో కొంత మారిపోతుంది. ఆ రోజు పూజ ఉండదు. పీఠం బోసిగా, మందసం ఖాళీగా ఉంటాయి. ప్రార్థన ముగిశాక అందరూ మౌనంగా వెళ్లిపోతారు. కథోలిక దేవాలయం ఎప్పుడూ అంత దిగులుగా ఉంటుందని అనుకోకండి.

చివరి ఆశీర్వాదం దాకా ఉండండి. ఫాదర్ చాలాసార్లు గుమ్మం దగ్గర నిలబడి పలకరిస్తారు. కొత్తగా వచ్చారా అని అడిగితే అవునని చెప్పండి. నేను ఎందుకో కాదన్నాను. పరలోక జపం అప్పటికే విన్నారు కదా, ఆయన నవ్వి ఊరుకున్నారు.