ఏ రూపాయి? పెరంబూర్ నుంచి శ్రీలంకలోని ఒక బడికి డబ్బు పంపిన పద్ధతి

రెండు లక్షల రూపాయలు కావాలని లంక నుంచి ప్రధానోపాధ్యాయుడు ఫోనులో చెప్పగానే మా తల్లిదండ్రుల సంఘంలో సగం మంది నీరుగారిపోయారు. చెన్నై పెరంబూర్‌లో మాది చిన్న బడి. పిల్లల తండ్రులు కోచ్ ఫ్యాక్టరీలోనో, కిరాణా కొట్లలోనో పనిచేసేవారు. మూడు రోజులు తర్జనభర్జనలు పడ్డాక నాకెందుకో అనుమానం వచ్చి మళ్ళీ ఫోను చేశాను. "సార్, మీరు చెప్పింది ఏ రూపాయి?" ఆయన చెప్పింది లంక రూపాయి. ఆ వారం ధరకు మన రూపాయి వాళ్ళకు సుమారు మూడున్నర. అంటే మన లెక్కలో 57,000 చిల్లర. సంఘానికి మళ్ళీ ప్రాణం వచ్చింది. మీరు ఏ దేశానికి పంపినా ముందు అంచనాను రెండు దేశాల డబ్బులోనూ రాయించుకోండి, పక్కన తేదీ వేయండి.

నేను బ్యాంకులో ఇరవై ఆరేళ్ళు చేసి రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్ళు విదేశీ మారకం పని. మనవరాలు ఈ బడిలో చదువుతోంది కనుక "అమ్మమ్మగారూ, మీకు ఇవన్నీ తెలుసు కదా" అంటూ కోశాధికారి పని నా నెత్తిన పెట్టారు. అడిగిన ప్రతివారికీ మొదటి నుంచీ చెప్పుకొచ్చే ఓపిక ఇక లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆ బడే ఎందుకంటే, శ్రీలంకలో అహికుంటికలు అనే వాళ్ళున్నారు. పాములాడించడం, సోదె చెప్పడం వాళ్ళ పాత వృత్తులు. తరతరాలుగా ఇంట్లో మాట్లాడేది తెలుగే. పిల్లలు మాత్రం ఉన్న ఊరిని బట్టి సింహళంలోనో తమిళంలోనో చదువుకుంటారు. తూర్పు వైపు అంపారై జిల్లాలో అలాంటి పిల్లలు చదివే ఒక తమిళ బడి సంగతి మాకు తెలిసింది. సముద్రానికి అవతల తెలుగు మాట్లాడే పిల్లలున్నారని వినగానే మా వాళ్ళు కరిగిపోయారు. ఒకాయన అప్పటికప్పుడు లేచి, తెలుగు వాచకాలు వంద కొని పంపుదామన్నారు. ఆయన గొంతు గద్గదమైంది కూడా.

కరిగిపోయిన మనసుతో కొనుగోళ్ళు చేయకూడదు. వాళ్ళకేం కావాలో వాళ్ళనే అడగాలి. మాకు తమిళం వచ్చు కనుక ఉత్తరం తమిళంలోనే రాశాం. అడిగినవి మూడే: ఇప్పుడు మీకు అడ్డుపడుతున్న పని ఏమిటి, దానికి ఎంతవుతుంది, ఆ డబ్బు ఎవరి చేతి మీదుగా ఖర్చవుతుంది? జవాబు ఒక్క పేజీలో వచ్చింది. పిల్లలు తెలుగు మాట్లాడతారు కానీ చదవరు, నేర్పేవారు లేరు. పాఠ్యపుస్తకాలు అక్కడి ప్రభుత్వం 1980 నుంచీ, యూనిఫాం బట్ట 1993 నుంచీ ఉచితంగా ఇస్తోంది. వాళ్ళకు లేనిది నీళ్ళు. వెయ్యి లీటర్ల ట్యాంకు, దానికి సిమెంటు దిమ్మ, గొట్టాలు, ఆరు కుళాయిలు కావాలి. వాచకాల పెద్దమనిషి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఫోను చేయాలంటే మధ్యాహ్నం రెండు తర్వాత చేయండి. అక్కడ బడి ఉదయం ఏడున్నరకు మొదలై ఒకటిన్నరకు వదిలేస్తారు. గడియారం మాత్రం మనదీ వాళ్ళదీ ఒకటే.

ఇక అందరూ తప్పటడుగు వేసే చోటుకు వస్తాను. డబ్బు ఎవరి ఖాతాలో జమ చేయాలి? ఎవరిని అడిగినా "బడి ఖాతా ఉందిగా" అంటారు. వద్దు. మన బడులు చాలావరకు ధర్మసంస్థల కింద నడుస్తాయి. ఆ సంస్థకు ఆదాయపు పన్ను మినహాయింపు దక్కేది ఇక్కడ, ఈ దేశంలో పెట్టిన ఖర్చుకు. బయటి దేశంలో పెట్టిన ఖర్చుకు ఆ మినహాయింపు కావాలంటే పన్ను బోర్డు ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. యాభై వేల పనికి అంత తతంగం ఎవరు పడతారు? పోనీ నా ఖాతాలో వేయండి అని నేనంటే అదీ చిక్కే. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు మించి ఊరికే వచ్చి పడితే ఆ మొత్తం నా ఆదాయం కింద లెక్కకొస్తుంది. ధర్మానికి పోయి నేను పన్ను కట్టుకోవాలి.

మేం పట్టుకున్న దారి ఇది. డబ్బు ఒకచోట పోగుచేయలేదు. ఆరు కుటుంబాలు తలా పదివేలకు కాస్త అటూ ఇటూగా, ఎవరి ఖాతా నుంచి వాళ్ళే నేరుగా ఆ బడికి పంపారు. రిజర్వు బ్యాంకు వారి ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఇక్కడ నివసించే ఏ వ్యక్తి అయినా ఇలా పంపవచ్చు. సంఘాలకూ కంపెనీలకూ ఆ వీలు లేదు. 2004లో ఆ పథకం మొదలైనప్పుడు ఏడాదికి పరిమితి 25,000 డాలర్లు, ఇప్పుడు 2,50,000 డాలర్లు. మన పదివేలు ఆ సముద్రంలో కాకిరెట్ట. ఏడాదికి పది లక్షల రూపాయలు దాటితే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను గొడవ కూడా మన జోలికి రాదు. అయితే పదివేలకు తక్కువ పంపకండి. ప్రతి పంపకానికీ బ్యాంకు రుసుము, దాని మీద జీఎస్టీ, మధ్యలో ఉన్న బ్యాంకు కోసుకునేది ఉంటాయి. రెండు వేలు పంపితే సగం దారిలోనే ఆవిరైపోతుంది.

బ్యాంకులో ఏ2 ఫారం ఇస్తారు, విదేశానికి డబ్బు పంపడానికి నింపే దరఖాస్తు అది. పాన్ కార్డు తప్పనిసరి. ఎందుకు పంపుతున్నారో చెప్పే గడిలో ఎస్ 1303 అని వేయాలి, విదేశాల్లోని ధార్మిక సంస్థలకు ఇచ్చే విరాళం అని దాని అర్థం. కౌంటరులో కుర్రవాడికి తెలియకపోతే కోప్పడకండి. మా రోజుల్లో నాకూ సగం కోడ్లు నోటికి రావు. అవతలి బడి నుంచి స్విఫ్ట్ కోడ్ (విదేశీ బదిలీల్లో వాళ్ళ బ్యాంకును గుర్తించేది), ఖాతా నంబరుతో పాటు బ్యాంకు పుస్తకం మొదటి పేజీ ఫోటో తెప్పించుకోండి. లంక ప్రభుత్వ బడుల్లో పాఠశాల అభివృద్ధి సంఘం అని ఒకటి ఉంటుంది, తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ సభ్యులు. ఖాతా ఆ సంఘం పేరనే ఉండాలి. ప్రధానోపాధ్యాయుడు దేవుడంతటివాడైనా సరే, ఆయన సొంత ఖాతాకు పంపకండి. ఆయన బదిలీ అయితే మన డబ్బూ బదిలీ అవుతుంది.

ఆ మొదటి పేజీ ఫోటో ఎందుకన్నానంటే, వాళ్ళ ఊరి పేరును ఇంగ్లిషులో రెండు రకాలుగా రాస్తారు. మా మొదటి కుటుంబం ఉత్తరంలో ఉన్న పేరు చూసి రాసింది, ఖాతాలో ఉన్నది రెండోది. పదకొండు రోజుల తర్వాత డబ్బు వెనక్కి వచ్చింది, రుసుము మాత్రం రాలేదు. రెండో కుటుంబం ఖర్చులు ఎవరు భరిస్తారన్న గడిలో సగం సగం అని టిక్కు పెట్టింది. అక్కడ అందినది అనుకున్న దానికంటే తగ్గింది. ఖర్చులన్నీ మావే అన్న గడిలో టిక్కు పెట్టండి.

"ఇంత తంటా ఎందుకమ్మమ్మగారూ, యూపీఐ లంకకు కూడా వచ్చిందిగా" అని ఒక తండ్రి ఫోను తీశాడు. వచ్చింది నిజమే, 2024 ఫిబ్రవరిలో. అది అక్కడికి వెళ్ళిన మన యాత్రికులు కొట్లలో చెల్లించడానికి. ఇక్కడ కూర్చుని బడికి పంపడానికి కాదు.

ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి అక్కర్లేదా అని కూడా అడుగుతారు. ఆ చట్టం విదేశాల నుంచి ఇక్కడికి వచ్చే విరాళాల గురించి. పోయే డబ్బుకు వర్తించేది ఫెమా, అంటే విదేశీ మారకపు చట్టం. కానీ మా సెక్రటరీగారి మేనల్లుడు అమెరికా పౌరుడు, ఐదు వందల డాలర్లు మన బడికి పంపుతానన్నాడు. అది ఇక్కడికి వచ్చిందంటే ఎఫ్‌సీఆర్‌ఏ కిందికే వస్తుంది. "నాయనా, అక్కడి నుంచే నేరుగా లంకకు పంపు, మా వాకిట్లోకి తేవద్దు" అన్నాను. పంపాడు, ఆ డబ్బుతో నీళ్ళ ఫిల్టరు పెట్టారు.

మరి ఆ ఆరు కుటుంబాలకు డబ్బెక్కడిది? కొంత సొంతం, కొంత అమ్మకం. శరన్నవరాత్రుల్లో ఒక శనివారం బడి ఆవరణలో బొమ్మల కొలువు పెట్టి, పక్కన ఆరు బల్లలు వేశాం. ఒక్కో బల్ల ఒక్కో కుటుంబానిది. సరుకు వాళ్ళదే, పెట్టుబడి వాళ్ళదే, వచ్చినదీ వాళ్ళ చేతిలోనే. దానికి సొంత డబ్బు కలిపి పదివేలు చేశారు. ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు గంటలో అయిపోయాయి. గోంగూర పచ్చడి చిన్న సీసాల్లో పెట్టిన వాళ్ళు బాగుపడ్డారు, కిలో సీసాల్లో పెట్టిన వాళ్ళు ఇంటికి మోసుకెళ్ళారు. వేడి పెసరట్ల బల్ల దగ్గర వరుస గేటు దాకా వచ్చింది, కానీ పెనం ఒక్కటే. ఈసారి రెండు పెడతాం. పిల్లలు తమ పాత కథల పుస్తకాలు పదేసి రూపాయలకు అమ్మారు, బేరాల్లో పెద్దవాళ్ళను మించిపోయారు.

టిక్కెట్లు అమ్మి చీటీ తీసి మిక్సీ బహుమతిగా ఇద్దామని ఒకరు ఉత్సాహపడ్డారు. తమిళనాడులో లాటరీ 2003 నుంచి నిషేధం. బడి ఆవరణలో అలాంటి దాని దరిదాపులకు కూడా వెళ్ళకండి.

ఎవరైనా ఆదాయపు పన్నులో తగ్గింపు కోసం 80జీ రసీదు అడిగితే లేదని ముందే చెప్పండి. విదేశీ బడికి నేరుగా ఇచ్చిన దానికి ఆ తగ్గింపు రాదు. మాకు ఇద్దరు ఆ మాటతో వెనక్కి తగ్గారు. తర్వాత తెలిసి గొడవపడటం కంటే అదే నయం.

పని ఏ నెలలో జరగాలో కూడా లెక్క వేసుకోండి. లంక తూర్పు తీరానిదీ చెన్నైదీ ఒకటే వాన, ఈశాన్య రుతుపవనం. నవంబరులో మన వీధుల్లో మోకాటి నీళ్ళున్నప్పుడు అక్కడ సిమెంటు దిమ్మ కట్టమంటే ఎవరూ కట్టలేరు. దసరాకు పోగైన డబ్బు జనవరి ఆఖరుకు చేరేలా చూశాం, ఫిబ్రవరి ఎండల్లో పని చేశారు.

లెక్క అడగడానికి మొహమాటపడవద్దు, అలాగని ఇన్‌స్పెక్టరులా అడగవద్దు. ట్యాంకు బిల్లు, తాపీమేస్త్రీ సంతకం పెట్టిన చీటీ, పూర్తయిన దిమ్మ ఫోటో చాలన్నాం. పిల్లలను వరుసగా నిలబెట్టి మన బడి పేరున్న బ్యానరు పట్టించి ఫోటో తీయమని కొందరు అడుగుతారు. నేను ఒప్పుకోలేదు. మన పిల్లలకు ఎవరైనా అలా చేయిస్తే ఊరుకుంటామా? బదులుగా అక్కడి నాలుగో తరగతి పిల్లలు ఫోనులో మా నాలుగో తరగతితో మాట్లాడారు. మా పిల్లలు "నీళ్ళు" అంటే వాళ్ళు ఏదో వేరే యాసలో అన్నారు, ఇటు నవ్వు, అటు నవ్వు. ఉన్న పావుగంటా ఆ ఒక్క మాటతోనే సరిపోయింది.

ఏ2 ఫారాల నకళ్ళు, బ్యాంకు ఇచ్చిన స్విఫ్ట్ కాగితాలు, లంక నుంచి వచ్చిన బిల్లులు నీలం అట్ట ఫైలులో ఉన్నాయి. ఆఫీసు గదిలో ఇనుప బీరువా, రెండో అర. తాళం ఆయమ్మ దగ్గర. వచ్చే ఏడాది కోశాధికారి ఎవరైనా, ఫైలు తీసే ముందు ఆమెకు ఒక మాట చెప్పండి, లేకపోతే నాకు ఫోను వస్తుంది.