డ్రిల్‌లో బిట్ జారడం ఇలా ఆగింది
గోడకు రంధ్రం వేస్తుంటే చక్ (బిట్‌ను పట్టుకునే డ్రిల్ ముందు భాగం) తిరుగుతోంది, రంధ్రం చేసే బిట్ మాత్రం ఆగిపోతోంది. కొత్త బిట్ వేశాను, బలంగా నొక్కాను, కాడకు కాగితం చుట్టాను; ఏదీ పనిచేయలేదు.

చివరికి ఇలా చేశాను. ముందు ప్లగ్ పీకేశాను. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాకే చక్ మీద చెయ్యి వెయ్యాలి. బిట్ చల్లారాక తీసి, చక్ నోరు కిందికి పెట్టి తడితే గోడ పొడి రాలింది. బిట్ కాడ తుడిచి, చక్‌లో బిట్‌ను పట్టుకునే మూడు దవడల నడుమ నిటారుగా పెట్టి చేత్తో బిగించాను. తర్వాత అసలు పని: చక్ కీని (చక్‌ను బిగించే తాళాన్ని) చక్ పక్కనున్న ఒక్క రంధ్రంలోనే కాదు, వరసగా మూడింట్లోనూ పెట్టి తిప్పాను. మొదటిదాంట్లో బిగిసిపోయిందనుకున్నది రెండోదాంట్లో ఇంకాస్త తిరిగింది! కీ తీశాకే ప్లగ్ పెట్టాను. మరిచిపోతే అది ఎగిరొచ్చి తగులుతుంది.

నాది కీతో బిగించే చక్. దవడలు అరిగిపోయి ఉంటే ఇది కుదరకపోవచ్చు.