ఇంట్లో ఇటాలియన్ ఆపెరిటీవో - నాలుగో పాఠం: అమెరికానో, దానికన్నా ముందు వెర్మూత్ సంగతి

ఈ పాఠం అమెరికానో గురించి. కాఫీ కాదు, ఇది ఆపెరిటీవో, అంటే భోజనానికి ముందు తాగే మద్యపానీయం. కానీ కిందటిసారి కంపారి అనే ఎర్రటి చేదు మద్యం, వెర్మూత్ కలిపి చేసిన మిలానో-టొరినో చాలామందికి బెడిసికొట్టింది కాబట్టి ముందు ఆ సంగతి తేల్చుకుందాం. "మొదటి రోజు బాగుంది, నెలన్నర తర్వాత అవే సీసాలతో చేస్తే పుల్లగా, అదోరకం పాతవాసనతో వచ్చింది" అని ఎక్కువమంది చెప్పారు. కొందరు పంచదార కలిపి సర్దుకున్నారు. కొందరు కంపారిని తిట్టుకున్నారు. కంపారి తప్పేమీ లేదు. మూత తీసి నెలల తరబడి అల్మరాలో ఉంచినా దాన్ని అందులోని ఆల్కహాలూ చక్కెరా కాపాడతాయి. చెడింది వెర్మూత్.

వెర్మూత్‌ని విస్కీ పక్కన పెట్టకండి. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను. సీసా పొడుగ్గా ఉందనీ, ధర ఎక్కువనీ దాన్ని బార్ అల్మరాలో అలంకరిస్తారు. అది వైన్. 1786లో ఇటలీలోని ట్యూరిన్‌లో కార్పానో అనే ఆయన తయారుచేసిన వెర్మూత్‌కీ, ఇవాళ మీరు కొన్నదానికీ ఆధారం వైనే. దానికి కొంత స్పిరిట్, చక్కెర, మూలికలు చేరుస్తారు. ఆ మూలికల్లో ముఖ్యమైన చేదు మొక్క వర్మ్‌వుడ్. మన వినాయకచవితి పత్రిలోని మాచిపత్రి, పూలదండల్లో కట్టే దవనం ఆ జాతివే. ఇన్ని చేరినా ఆల్కహాలు సాధారణంగా 15 నుంచి 18 శాతమే. విస్కీలో 40 పైమాటే. గాలిని తట్టుకునే బలం వెర్మూత్‌కి లేదు.

మూత తీసిన క్షణం నుంచే గాలి పని మొదలుపెడుతుంది. కోసిన వంకాయ ముక్కలు నీళ్లలో వేయకపోతే ఏమవుతాయో మీకు తెలుసు. ఇక్కడా అదే, కాకపోతే కంటికి కనపడదు, నాలుకకే తెలుస్తుంది. ముందు సువాసన పోతుంది, తర్వాత పులుపు పైకి తేలుతుంది. చల్లదనం దీన్ని నెమ్మదింపజేస్తుంది, ఆపలేదు. కాబట్టి తెరిచిన తేదీ సీసా మీద రాసి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. నెల రోజుల్లో వాడెయ్యండి, మహా అయితే రెండు నెలలు. సీసా సగమయ్యాక మిగిలింది చిన్న సీసాలోకి అంచుదాకా పోసి బిగించండి, గాలికి చోటుండదు. చిన్న సీసా దొరికితే నేను అదే కొంటాను, పెద్దది చవకైనా సరే. మే నెలలో మన వంటిళ్ల వేడికి బయట ఉంచడం అసలే కుదరదు.

ఇక అమెరికానో. మిలానో-టొరినోకి సోడా చేరితే అమెరికానో, అంతే. పొడుగు గ్లాసు నిండా పెద్ద ఐసు ముక్కలు. నాలుగు ముక్కలు వేసి ఊరుకుంటే అవి త్వరగా కరిగి పానీయం పలచబడుతుంది. కంపారి 30 మి.లీ., ఎర్రటి తీపి వెర్మూత్ 30 మి.లీ. పోసి బాగా కలపండి. తర్వాత ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన సోడా. చెంచాతో అడుగు నుంచి ఒక్కసారి పైకి లేపండి, గిలకొట్టొద్దు. షేకర్ జోలికే పోవద్దు. సోడా బదులు టానిక్ వాటర్ పోయొద్దు, అది వేరు, అందులో క్వినైన్ చేదూ చక్కెరా ఉంటాయి.

సోడా ఎంతన్నది మీ ఇష్టం. నేను 60 మి.లీ. దాటను. పైన అర చక్రం నారింజ ముక్క వేస్తారు, నిమ్మతొక్క కూడా పిండి వేస్తారు. నేను కమలాపండు తొక్కను గ్లాసు మీద మడిచి నొక్కి, నూనె జల్లు పడనిచ్చి, లోపల పడేస్తాను. బత్తాయి వద్దు, దానికి ఆ వాసన లేదు. మన చిన్న నిమ్మకాయ రసం పిండితే చేదు, తీపి రెండూ దాని కింద అణిగిపోతాయి.

చేదు ఎక్కువైందనిపిస్తే పంచదార వద్దు. కంపారి 20కి తగ్గించి వెర్మూత్ 40 చేయండి. కొత్తవాళ్లకి పోసేటప్పుడు నేను చేసేది అదే. సోడా బదులు జిన్ పోస్తే నెగ్రోని. 1919లో ఫ్లోరెన్స్‌లో కౌంట్ నెగ్రోని అలా అడిగాడని చెప్పుకుంటారు. అది వచ్చే పాఠం. తొందరపడి ఇప్పుడే చేయకండి.

సాధన: వెర్మూత్ 15 మి.లీ. చిన్న కప్పులో పోసి, మీద పలచటి గుడ్డ కప్పి, మూడు రోజులు వంటింటి గట్టు మీద వదిలెయ్యండి. నాలుగో రోజు ఫ్రిజ్‌లోని వెర్మూత్ అంతే కొలత పక్కన పెట్టి, కళ్లు మూసుకుని వాసన చూడండి, రుచి చూడండి. తేడా ఏమిటో మూడు వాక్యాల్లో కాగితం మీద రాయండి. "బాగోలేదు" అని రాస్తే లెక్కలోకి రాదు: ఏ వాసన పోయింది, పులుపు నాలుక మీద ఎక్కడ తగిలింది, చేదు ఎంతసేపు నిలిచింది, అవి రాయాలి. తర్వాత మూడు వేర్వేరు సాయంత్రాల్లో 30, 60, 90 మి.లీ. సోడాతో ఒక్కో అమెరికానో చేసి, అదే కాగితం కింద వాటి సంగతీ రాయండి.